ఒకే పట్టా - రెండు ధరలు

విద్య దొంగలకు చిక్కని ధనమని, దాయాదులు పంచుకోలేని ఆస్తి అని, ఇతరులకు పంచినకొద్దీ పెరిగే సంపద అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. తరతరాలుగా తెలుగు ఇళ్ళలో పిల్లలు ఈ మాటలు వింటూనే బడికి వెళ్ళారు. వీటిలో అసత్యమేమీ లేదు. అయితే నేటి యువతీయువకుల విషయంలో వీటికి మరొక వాక్యం చేర్చవలసి వస్తున్నది. దొంగలు దోచలేని ఈ ధనం మీద కూడా ఇప్పుడు నెలనెలా వడ్డీ పెరుగుతున్నది. పట్టా చేతికి అందేనాటికి బ్యాంకులో అప్పు లెక్క కూడా సిద్ధంగా ఉంటున్నది. సంపాదన అంటే ఏమిటో తెలియకముందే విద్యార్థి రుణగ్రస్తుడవుతున్నాడు. చదువుకునే కాలంలో, ఒక్క రూపాయి కూడా ఆర్జించని దశలో, విద్యార్థి మీద వడ్డీ లెక్కించడం న్యాయమేనా అన్న ప్రశ్నను మనం ఇకనైనా వేసుకోవాలి.

పేదరికం, చదువు కలిసి నడవడం మనకు కొత్త కాదు. వెనుకటి రోజులలో పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకునేవారు. వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకొని, ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం చేసి, దీపం వెలుగులో పాఠాలు వల్లెవేసేవారు. టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యంలో ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను చదివించింది. ఆ బాలుడు తరువాత బారిస్టరై, ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. హైదరాబాదులో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు వంటి వసతిగృహాలు పల్లెల నుండి వచ్చిన పిల్లలకు నిలువనీడ కల్పించాయి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సాంఘిక సంక్షేమ వసతిగృహాలు, ఉపకార వేతనాలు ఎన్నో పేద కుటుంబాలలో మొదటి పట్టభద్రులను తయారుచేశాయి.

ఆ పద్ధతులన్నీ లోపరహితమైనవని చెప్పలేము. వారాల భోజనంలో అవమానాలు ఉండేవి. కులాన్ని బట్టి తలుపులు తెరుచుకునేవి, మూసుకునేవి. బాలికలకు ఆ తలుపులు తెరుచుకోనే లేదు. అయినా వాటి వెనుక ఒక భావన ఉండేది. ఒక బిడ్డ చదువు ఊరికంతటికీ మేలు చేస్తుంది కాబట్టి, ఆ ఖర్చులో ఊరికి కూడా భాగముండాలన్నదే ఆ భావన. అన్నం పెట్టిన ఇల్లాలు ఆ అన్నానికి వడ్డీ కట్టి వసూలు చేయలేదు. ఆ విద్యార్థి పెద్దవాడై మరొక పేద విద్యార్థికి అన్నం పెడితే ఆ రుణం తీరినట్లే భావించేవారు.

ప్రభుత్వం కూడా మొదట ఇదే దారిలో నడిచింది. 1963లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రుణ ఉపకార వేతనాల పథకాన్ని ప్రవేశపెట్టింది. ప్రతిభ ఉండి ఆర్థిక స్తోమత లేని విద్యార్థులకు ఆ పథకం కింద ఇచ్చిన అప్పుకు వడ్డీ లేదు. తీసుకున్నంత తిరిగి చెల్లిస్తే చాలు. అయితే చదువు ముగించి ఊళ్ళు మారినవారి నుండి సొమ్మును తిరిగి రాబట్టడం కార్యాలయాలకు సాధ్యం కాలేదు. ఆ కారణంగా పథకం క్రమంగా నీరుగారి, చివరకు నిలిచిపోయింది. ఈ అనుభవాన్ని మనం గుర్తుంచుకోవాలి. దాని నుండి నేర్చుకోవలసిన పాఠం ముందు ముందు మనకు అక్కరకు వస్తుంది.

1990 తరువాత పరిస్థితి మారింది. ప్రభుత్వాలు ఉన్నత విద్యపై వ్యయాన్ని తగ్గించుకోవాలని, విశ్వవిద్యాలయాలు సొంత వనరులను పెంచుకోవాలని అభిప్రాయం బలపడింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నియమించిన జస్టిస్ పున్నయ్య కమిటీ విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో కొంత భాగాన్ని తామే సమకూర్చుకోవాలని సూచించింది. అదే కాలంలో ప్రైవేటు ఇంజనీరింగు, వైద్య కళాశాలలు విస్తరించాయి. సీట్లు పెరిగాయి, వాటితో పాటు ఫీజులూ పెరిగాయి. పెరిగిన ఫీజుకూ కుటుంబ ఆదాయానికీ మధ్య ఏర్పడిన అంతరాన్ని పూడ్చే పని బ్యాంకుల మీద పడింది. 2001లో భారతీయ బ్యాంకుల సంఘం ఒక నమూనా విద్యారుణ పథకాన్ని రూపొందించింది. 4 లక్షల రూపాయల వరకు తాకట్టు లేకుండా అప్పు ఇవ్వాలని, చదువు ముగిసే వరకు వాయిదాల కోసం విద్యార్థిని ఒత్తిడి చేయరాదని అందులో పేర్కొన్నారు. ఆనాటికి అది మేలైన అడుగే. తాకట్టు పెట్టడానికి సెంటు భూమి కూడా లేని ఇంటి పిల్లలు దాని వలన కళాశాల గడప తొక్కగలిగారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం విస్తరించడంతో లక్షలాది విద్యార్థులకు అప్పు చేయవలసిన అవసరం కొంత తప్పింది. ఆ మేలును తక్కువ చేసి చూడరాదు. అయినా దానికి హద్దులు ఉన్నాయి. ఫీజు మొత్తానికీ ప్రభుత్వమే బాధ్యత వహించే అవకాశం అందరికీ దక్కలేదు. ఇతర రాష్ట్రాలలో చదివేవారికి, డీమ్డ్ విశ్వవిద్యాలయాలలో చేరేవారికి, విదేశాలకు వెళ్ళేవారికి అది సాధారణంగా ఉపకరించదు. హాస్టలు ఖర్చు, పుస్తకాలు, ప్రయాణాల భారం వేరే ఉంటుంది. పైగా ప్రభుత్వం నుండి రావలసిన బకాయిలు పేరుకుపోయినప్పుడు ఆ ఒత్తిడి చివరకు విద్యార్థి మీదకే వస్తుంది. 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు ఈ బకాయిల కోసమే తరగతులను నిలిపివేశాయి. ఇటువంటి సందర్భాలలో కుటుంబానికి చివరి ఆధారం మళ్ళీ అప్పే అవుతుంది.

ఇప్పుడు ఆ అప్పు ఏ విధంగా పెరుగుతుందో పరిశీలించాలి. బ్యాంకు ప్రతినిధి విద్యార్థికి మొదట చెప్పే మాట ఓదార్పుగానే ఉంటుంది. చదువు పూర్తయి, ఆపైన ఏడాది గడిచే వరకు ఏమీ కట్టనవసరం లేదని చెబుతారు. దీనినే మారటోరియం అంటారు. తల్లిదండ్రులు ఆ మాట విని, అంతవరకు వడ్డీ కూడా ఉండదని భావిస్తారు. నిజానికి వాయిదా మాత్రమే ఆగుతుంది. వడ్డీ ఆగదు. మొదటి విడత సొమ్ము కళాశాల ఖాతాకు చేరిన నాటి నుండే వడ్డీ లెక్క మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక విద్యార్థిని నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువుకు ఏడాదికి లక్షా 50 వేల చొప్పున మొత్తం 6 లక్షల రూపాయలు అప్పు తీసుకున్నదనుకుందాం. వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు. చదువు ముగిసిన ఏడాది తరువాత వాయిదాలు మొదలవుతాయి. మొదటి ఏట తీసుకున్న లక్షన్నర మీద ఐదేళ్ళకు 75 వేలు, రెండవ ఏటి సొమ్ము మీద నాలుగేళ్ళకు 60 వేలు, మూడవ ఏటి సొమ్ము మీద మూడేళ్ళకు 45 వేలు, చివరి ఏటి సొమ్ము మీద రెండేళ్ళకు 30 వేలు వడ్డీ అవుతుంది. మొత్తం 2 లక్షల 10 వేలు. ఇంతవరకు ఇది బారువడ్డీయే. కాని వాయిదాలు మొదలయ్యే రోజున ఈ వడ్డీని అసలులో కలుపుతారు. ఆనాటి నుండి ఆమె అప్పు 6 లక్షలు కాదు, 8 లక్షల 10 వేలు. ఇకమీదట వడ్డీకి కూడా వడ్డీ కట్టాలి. బారువడ్డీ చక్రవడ్డీగా మారేది ఈ మలుపులోనే.

ఈ 8 లక్షల 10 వేలను పదేళ్ళలో తీర్చాలంటే నెలకు దాదాపు 10 వేల 700 రూపాయలు కట్టాలి. మొదటి నెల కట్టిన సొమ్ములో 6 వేల 750 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలులో తగ్గేది 4 వేల లోపే. పదేళ్ళు పూర్తయ్యేసరికి ఆమె చెల్లించిన మొత్తం సుమారు 12 లక్షల 84 వేలు. నెలవారీ భారం తగ్గుతుందని గడువును పదిహేనేళ్ళకు పెంచుకుంటే, నెలకు 8 వేల 700 రూపాయలు కట్టవచ్చు. కాని మొత్తం చెల్లింపు 15 లక్షల 60 వేలు దాటుతుంది. గడువు పెరగడం ఊరటలా కనిపిస్తుంది కాని, దాని వెల ఆమె యౌవనమంతా చెల్లిస్తూ ఉండవలసిందే.

మనుమల మీద తాతలకు ఉండే మమకారాన్ని చెప్పడానికి అసలు కంటే వడ్డీ ముద్దు అనే సామెతను మనం వాడుతాము. చదువు అప్పు విషయంలో అసలు కంటే వడ్డీయే బరువు.

ఇప్పుడు అదే తరగతిలో పక్క బల్లపై కూర్చున్న మరొక విద్యార్థిని గురించి ఆలోచిద్దాం. ఆమె తండ్రి ఏటా లక్షన్నర రూపాయలు నేరుగా కట్టగలిగాడు. ఇద్దరూ విన్నవి ఒకే పాఠాలు. రాసినవి ఒకే పరీక్షలు. స్నాతకోత్సవ వేదికపై అందుకున్నది ఒకే పట్టా. కాని ఒకరికి ఆ పట్టా ధర 6 లక్షలు, మరొకరికి దాదాపు 13 లక్షలు. ఈ రెండింటిలో ఎక్కువ ధర చెల్లించినది పేదరాలు. అంగడిలో ఒకే వస్తువును ధనికునికి తక్కువకు, పేదవానికి రెట్టింపుకు అమ్మితే మనం ఆ వర్తకుణ్ణి నిలదీస్తాము. విద్య విషయంలో ఇదే జరుగుతుంటే సహజమని ఊరుకుంటున్నాము.

ధనిక కుటుంబం ఆ 6 లక్షలను కళాశాలకు కట్టకుండా బ్యాంకులో దాచుకొని ఉంటే దానిమీద వడ్డీ వచ్చేది కదా, వారు కూడా కొంత నష్టపోయినట్లే కదా అని అర్థశాస్త్రం తెలిసినవారు అనవచ్చు. ఆ మాటలో కొంత సత్యముంది. అయినా డిపాజిట్ మీద వచ్చే వడ్డీ కంటే రుణం మీద కట్టే వడ్డీ ఎప్పుడూ ఎక్కువే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. రావలసిన వడ్డీ రాకపోవడం వేరు, వచ్చిన జీతంలో నుండి వడ్డీ పోవడం వేరు. మొదటిది మిగులులో కోత, రెండవది బతుకులో కోత.

ఈ కోత ఎంత లోతైనదో ఉద్యోగాల స్థితిని చూస్తే తెలుస్తుంది. ఏడాదికి మూడున్నర లక్షల రూపాయల జీతంతో మొదలయ్యే ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ రంగంలో నేటికీ సాధారణమే. చేతికి నెలకు పాతిక వేలు వచ్చే యువతి అందులో 10 వేల 700 వాయిదాకు కట్టి, మిగిలిన దానితో హైదరాబాదులోనో బెంగళూరులోనో అద్దె, భోజనం, ప్రయాణం సాగించాలి. ఇంటికి పంపడానికి ఏమి మిగులుతుంది? తమ్ముని చదువుకు ఏమి ఇస్తుంది? ఉద్యోగం రావడం ఏడాది ఆలస్యమైతే ఆ భారం తల్లిదండ్రుల మీద పడుతుంది. ఎందుకంటే రుణపత్రం మీద సహరుణగ్రహీతలుగా సంతకం చేసినది వారే. వాయిదాలు తప్పితే ఇద్దరి రుణచరిత్రలూ దెబ్బతింటాయి. రేపు పంటకో ఇంటికో అప్పు కావలసి వస్తే ఆ మచ్చ అడ్డుపడుతుంది.

అప్పు జేబునే కాక ఎంపికలను కూడా శాసిస్తుంది. పరిశోధన చేయాలన్న ఆసక్తి ఉన్నవాడు నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి కాబట్టి దొరికిన ఉద్యోగంలో చేరుతాడు. పల్లెలో వైద్యం చేయాలనుకున్న యువవైద్యురాలు పట్టణంలోని కార్పొరేటు ఆసుపత్రిని ఎంచుకుంటుంది. అధ్యాపక వృత్తిని ప్రేమించినవాడు దానిని వదులుకుంటాడు. సొంతంగా చిన్న పరిశ్రమ పెట్టాలనుకున్నవాడు ఆ ఆలోచనను పదేళ్ళు వాయిదా వేసుకుంటాడు. ఇవి ఏ ఖాతా పుస్తకంలోనూ కనిపించని నష్టాలు. వ్యక్తికి జరిగిన నష్టంగా కనిపించినా, నిజానికి నష్టపోయేది సమాజమే.

విదేశీ విద్య విషయంలో ఈ భారం మరింత ఎక్కువ. అమెరికాకు చదువు కోసం వెళ్ళే భారతీయ విద్యార్థులలో తెలుగువారి సంఖ్య గణనీయమైనది. ఒక విద్యార్థి 40 లక్షల రూపాయలను 12 శాతం వడ్డీకి తీసుకుంటే, వడ్డీయే నెలకు 40 వేల రూపాయలు అవుతుంది. మన పల్లెటూళ్ళ లెక్కలో ఇది నూటికి నెలకు రూపాయి వడ్డీ. అక్కడ ఉద్యోగం దొరికితే డాలర్లలో సంపాదించి తీర్చవచ్చుననే ధైర్యంతో తండ్రి ఇల్లో పొలమో తాకట్టు పెడతాడు. వీసా నిబంధనలు మారినా, ఉద్యోగం ఆలస్యమైనా, ఆ విద్యార్థి వట్టి చేతులతో తిరిగి రావలసి వస్తుంది. అప్పు మాత్రం అతనితోపాటే తిరిగి వస్తుంది. రూపాయలలో సంపాదించి ఆ అప్పును తీర్చడం ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు.

ప్రభుత్వాలు ఈ సమస్యను పూర్తిగా విస్మరించాయని అనలేము. 2009-10 విద్యా సంవత్సరం నుండి, ఏడాదికి నాలుగున్నర లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలు దేశంలో వృత్తి, సాంకేతిక విద్య చదివితే మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం వచ్చింది. ఇది ఎంతో సముచితమైన ఆలోచన. చదువుకునే కాలంలో వడ్డీ ఉండరాదన్న సూత్రాన్ని ప్రభుత్వమే అంగీకరించినట్లయింది. కాని 2018లో దానిని నాక్ గుర్తింపు వంటివి పొందిన సంస్థలకు పరిమితం చేశారు. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం 8 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ప్రకటించింది. అయితే అది ఎంపిక చేసిన సంస్థలలో చేరినవారికి, అందునా ఏటా లక్షమందికి మాత్రమే వర్తిస్తుంది. మంచి ర్యాంకు రాక మామూలు కళాశాలలో చేరిన పేద విద్యార్థికే ఉద్యోగం దొరకడం కష్టం, అప్పు తీరడం కష్టం. రాయితీ అతని గడప దాకా రావడం లేదు.

ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు తీరు కూడా ఇటువంటిదే. విద్యారుణంపై కట్టిన వడ్డీని ఎనిమిదేళ్ళ వరకు ఆదాయం నుండి తీసివేసి పన్ను లెక్కించుకోవచ్చు. కాని అది పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే దక్కుతుంది. ఆ పైన, పన్ను కట్టేటంత జీతం ఉన్నవారికే దానివలన ప్రయోజనం. నెలకు పాతిక వేలతో బతుకీడ్చే పట్టభద్రునికి పన్నే లేనప్పుడు మినహాయింపుతో ఒరిగేదేమిటి? బాగా సంపాదించేవారికి ఎక్కువ, తక్కువ సంపాదించేవారికి సున్న. వాన కురిసిన చోటనే మళ్ళీ కురిసినట్లున్నది ఈ సాయం.

బ్యాంకుల వాదనను కూడా ఆలకించాలి. బ్యాంకులో ఉన్న సొమ్ము డిపాజిటుదారులది. వారికి వడ్డీ చెల్లించాలంటే అప్పు తీసుకున్నవారి నుండి వడ్డీ వసూలు చేయక తప్పదు. ఇంటి రుణమైతే ఇల్లు హామీగా ఉంటుంది, బండి రుణమైతే బండి ఉంటుంది. విద్యార్థి తలలో ఉన్న జ్ఞానాన్ని జప్తు చేయలేరు. అందువలన విద్యారుణానికి ఇంటి రుణం కంటే ఎక్కువ వడ్డీ ఉండటం సాధారణమైంది. వ్యాపార దృష్టితో చూస్తే ఇది సబబే. అందుకే ఈ భారాన్ని బ్యాంకుల మీద నెట్టివేయమని అనడం సరికాదు. పట్టభద్రుడు కట్టే పన్నుల వలన, అతని సేవల వలన లాభపడే ప్రభుత్వమే ఆ తేడాను భరించాలని అడగడం సముచితం.

అది సాధ్యమేనని చెప్పడానికి నిదర్శనాలు మన ముంగిటనే ఉన్నాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీ పథకాన్ని అమలు చేసింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం మాత్రమే మహిళలు భరించారు. ఆపై వడ్డీని ప్రభుత్వం చెల్లించింది. బ్యాంకులు నష్టపోలేదు. స్వల్పకాలిక పంట రుణాన్ని గడువులోగా తీర్చే రైతుకు కేంద్రం ఇచ్చే రాయితీల వలన వడ్డీ 4 శాతానికి దిగుతున్నది. బీహారు ప్రభుత్వం 2016లో ప్రారంభించిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు పథకంలో 4 లక్షల వరకు విద్యారుణానికి 4 శాతం, బాలికలకు 1 శాతం వడ్డీ నిర్ణయించింది. 2025లో ఆ వడ్డీని కూడా తొలగిస్తున్నట్లు ప్రకటించింది. పశ్చిమ బెంగాల్ 2021లో 10 లక్షల వరకు 4 శాతం బారువడ్డీకి రుణమిచ్చే పథకాన్ని తెచ్చింది. పంటకు, పొదుపు సంఘానికి తగిన వడ్డీ చదువుకు ఎందుకు తగదు? చదువు కూడా ఒక పంటే. దాని దిగుబడి రావడానికి కొంత ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

ఇతర దేశాల అనుభవాలు కూడా మనకు బోధపరుస్తున్నవి ఉన్నాయి. జర్మనీలో అర్హులైన విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే సాయంలో సాధారణంగా సగం ఉచితం, మిగిలిన సగం వడ్డీ లేని అప్పు. ఆస్ట్రేలియాలో 1989లో వచ్చిన విధానం ప్రకారం పట్టభద్రుని ఆదాయం ఒక స్థాయికి చేరిన తరువాతనే రుణ వసూలు మొదలవుతుంది. పన్నుతోపాటే దానిని మినహాయిస్తారు. వడ్డీకి బదులు ధరల పెరుగుదల మేరకు మాత్రమే అప్పు పెరుగుతుంది. 2023లో ధరలు విపరీతంగా పెరిగి అప్పులు ఒక్కసారిగా 7.1 శాతం పెరిగినప్పుడు యువత నిరసించింది. ఆపైన ఆ లెక్కను సవరించారు, 2025లో అప్పులను 20 శాతం తగ్గిస్తూ చట్టం చేశారు. ఇంగ్లండులో 2012 తరువాత చేరిన విద్యార్థులపై ధరల పెరుగుదలకు అదనంగా 3 శాతం వరకు వడ్డీ వేశారు. 2023 నుండి చేరినవారికి ఆ అదనపు వడ్డీని తీసివేసినా, చెల్లింపు గడువును 40 ఏళ్ళకు పెంచారు. అమెరికాలో విద్యార్థుల అప్పులు లక్షా 60 వేల కోట్ల డాలర్లను దాటాయి. అక్కడి ప్రభుత్వం తలపెట్టిన భారీ మాఫీని 2023 జూన్ 30న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పు కొండలా పెరిగిన తరువాత మాఫీ చేయబోవడం ఎంత కష్టమో దీనివలన తెలుస్తున్నది. మొలకగా ఉన్నప్పుడే వడ్డీని అదుపు చేయడం మేలు.

కాబట్టి మన దేశంలో మూడు మార్పులు అవసరమని తోస్తున్నది. మొదటిది, చదువుకునే కాలంలోనూ, ఆ తరువాతి ఏడాదిలోనూ పేద, మధ్యతరగతి విద్యార్థులపై వడ్డీ పడరాదు. కళాశాల పేరును బట్టి కాక, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఈ మేలు అందాలి. పైన చెప్పిన ఉదాహరణలో ఈ ఒక్క మార్పు జరిగితే నెల వాయిదా 10 వేల 700 నుండి 7 వేల 900 రూపాయలకు దిగుతుంది. పదేళ్ళలో 3 లక్షల 30 వేల రూపాయలు ఆదా అవుతాయి. రెండవది, వాయిదాలు మొదలైన తరువాత కూడా పావలా వడ్డీయో, దానికి దగ్గరగా ఉన్న వడ్డీయో ఉండాలి. మూడవది, వాయిదా పట్టభద్రుని ఆదాయాన్ని బట్టి నిర్ణయం కావాలి. ఉద్యోగం లేనినాడు వసూలు ఆగాలి, జీతం పెరిగిననాడు వాయిదా పెరగాలి.

ఇటువంటి ఉదారత వలన సొమ్ము తిరిగి రాదన్న భయం కొందరికి ఉండవచ్చు. 1963 నాటి పథకం వసూళ్ళు లేక కుంటుపడిన మాట నిజమే. ఆనాడు ఊరు మారిన విద్యార్థి చిరునామా కూడా కార్యాలయానికి తెలిసేది కాదు. నేడు ఉద్యోగంలో చేరిన ప్రతి యువకునికీ పాన్ సంఖ్య ఉన్నది. పన్నును జీతంలోనే మినహాయించగల వ్యవస్థ మనకు ఉన్నది. అదే దారిలో విద్యారుణ వాయిదాను కూడా మినహాయించవచ్చు. ఎగవేతకు తావు తగ్గుతుంది. ఆనాటి ఆశయానికి నేటి సాధనాన్ని జోడించడమే మనం చేయవలసిన పని.

ఈ మార్పులు వచ్చేలోగా విద్యార్థులు, తల్లిదండ్రులు కూడా జాగరూకులు కావాలి. అప్పు పత్రంపై సంతకం చేసేముందు వడ్డీ రేటు ఎంత, అది మారుతుందా, ఏ రోజున అసలులో కలుస్తుంది, వాయిదాలు మొదలయ్యేనాటికి మొత్తం ఎంతవుతుంది అన్న నాలుగు విషయాలను అడిగి, కాగితంపై రాయించుకోవాలి. చదువుకునే కాలంలోనే వడ్డీని ఏనెల కానెల కట్టేవారికి అనేక బ్యాంకులు ఒక శాతం రాయితీ ఇస్తున్నాయి. శక్తి ఉన్న కుటుంబాలు ఆ కొద్ది మొత్తాన్ని కడుతూ ఉంటే వడ్డీకి వడ్డీ పడదు. వడ్డీ రాయితీ పథకాలకు అర్హత ఉన్నదో లేదో ప్రవేశానికి ముందే తెలుసుకోవాలి. కళాశాలలు కూడా ప్రవేశ సమయంలోనే ఈ వివరాలను విద్యార్థులకు తెలుగులో తెలియజేయడం తమ బాధ్యతగా భావించాలి. గడప గడపకూ తిరిగి సీట్లు నింపుకునే సంస్థలు అప్పు లెక్కను వివరించడానికి వెనుకాడరాదు.

అప్పు తీసుకున్నవారు తీర్చాలి. ఇందులో రెండవ మాటకు తావు లేదు. నిజాయితీగా తీర్చే వారసత్వం మన పల్లె ప్రజలది. అయితే తీర్చగలిగే అప్పు ఇవ్వడం సమాజం బాధ్యత. నాగలి కొనడానికి అప్పు ఇచ్చిన ఆసామి కూడా తొలకరి పడకముందే పంటలో వాటా అడగడు. విత్తనం మొలకెత్తి, పైరు ఎదిగి, గింజ చేతికి వచ్చేవరకు ఆగుతాడు. జ్ఞానమనే విత్తనాన్ని నాటుకున్న యువతకు కనీసం ఆ పాటి గడువు ఇవ్వడం మన ధర్మం. ఒకే తరగతి గదిలో చదివిన ఇద్దరు బిడ్డలకు ఒకే పట్టా ఒకే ధరకు అందిననాడే, విద్య అందరి హక్కు అన్న మాటకు అర్థం చేకూరుతుంది.